కొస ఎవరి చేతిలో

దామంజోడి టౌన్‌షిప్‌లో మా అమ్మాయి చదివే బడిలో పోయిన చలికాలం తల్లిదండ్రుల్ని పిలిచారు. ఒకటో తరగతి పిల్లల్ని ఒక రాత్రికి కొండ కింది తోటకు తీసుకువెళ్లి, చెట్లకు ఉయ్యాలలు కట్టి అందులో పడుకోబెడతారట. భువనేశ్వర్ నుంచి పిలిపించిన శిక్షకుడు ఎర్ర నైలాన్ ఉయ్యాల ఒకటి రెండు స్తంభాల మధ్య కట్టి చూపించాడు. మన ప్రాంతంలో ఇంత చిన్న పిల్లలు ఆరుబయట ఉయ్యాలల్లో రాత్రి గడపడం ఇదే మొదటిసారి అని ఒకసారి ఇంగ్లీషులో చెప్పాడు. ఊరుకున్నాను. హిందీలో చెప్పాడు. ఊరుకున్నాను. ఒడియాలో కూడా చెప్పేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

ముందు వరసలో ఉన్న ఒక పాపను అందులో పడుకోబెట్టి, పైన దోమతెర జిప్పు లాగి, ఆ జిప్పుకు బయట ఒక కొక్కెం తగిలించాడు. పిల్ల దొర్లి పడిపోకుండా అట. నేను లేచి, పిల్ల దిగాలనుకుంటే ఆ కొక్కెం ఎవరు తీస్తారని అడిగాను. నేనే తీస్తాను మేడమ్, రాత్రంతా అక్కడే తిరుగుతుంటాను, భయం లేదు అన్నాడు. భయం సంగతి నేను అడగలేదు, కొస ఎవరి చేతిలో ఉంటుందని అడుగుతున్నాను అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్న ఆడవాళ్లు నా వైపు తిరిగి చూశారు. మా ఆయన మోచెయ్యి గిల్లాడు. మా అమ్మాయి ఉయ్యాల నేనే వచ్చి కడతానని, అలాగైతేనే సంతకం పెడతానని చెప్పి, ఒప్పించుకుని మరీ ఇంటికి వచ్చాను.

మొదటిసారట! ఆ మాట మా పిన్ని వినాల్సింది. ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలలు. పదిహేడేళ్ల కిందట, ఇక్కడికి కొన్ని కొండల అవతల, రాయగడ దగ్గర సంత తోపులో ఆవిడ వారం వారం నలుగురు పిల్లల్ని గోనె ఉయ్యాలల్లో పడుకోబెట్టి కాపలా కాసింది. దానికి ఆవిణ్ణి ఎవరూ భువనేశ్వర్ నుంచి పిలిపించలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం అన్న మాటలు వేరే, అవి నాకు ఇంకా గుర్తున్నాయి.

ఆవిడ మా నాన్న తమ్ముడి భార్య. పేరు చెప్పను. పేరు పెట్టి పిలిచినవాళ్లు ఆవిడ బతుకులో తక్కువే. నాకు పిన్ని. కొండ దిగి వచ్చే ఆడవాళ్లకు అపా, అంటే అక్క. బజారుకు 'ఆ చెట్లావిడ'. రాయగడ బజారులో మాది చింతపండు, అల్లం, పసుపు హోల్‌సేల్ కొట్టు; తాతయ్య బొబ్బిలి వైపు నుంచి వచ్చి పెట్టింది. కొట్టు వెనకాలే ఇల్లు. ముందు భాగం మాది, పెరటి వైపు రెండు గదులు బాబాయిది. నాన్న కొట్లో కూర్చునేవాడు, బాబాయి సంతలు తిరిగి సరుకు తెచ్చేవాడు. బాబాయి పచ్చకామెర్లతో పోయేనాటికి కొడుకు సూరికి ఆరేళ్లు, కూతురు పాపకు మూడు.

పెద్దకర్మ కాకముందే నాన్న అంతా తేల్చేశాడు. సంతలకు గుమస్తా వెళ్తాడు. పిన్ని ఇంటి పట్టున ఉంటుంది. పిల్లలిద్దరూ ముందు భాగంలో మాతోపాటు పడుకుని, తిని, చదువుకుని పెరుగుతారు. చెడ్డ ఉద్దేశంతో అన్నాడని ఇప్పటికీ నేననను. కానీ పిన్నిని ఒక్క మాట అడగలేదు. అడగడానికి మా ఇంట్లో వీల్లేదు కూడా. తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఒడియా ఇళ్లలో ఈ పట్టింపు మరీ గట్టిది, ఎదట పడడానికి కూడా లేదు. మా వాళ్లు ఇక్కడికి వచ్చాక చింతపండుతోపాటు ఆ పట్టింపు కూడా కొనుక్కున్నారు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో ఒక పిల్ల ఉండాలి. ఆ పిల్లను నేను. "అమ్మీ, మీ పిన్నికి చెప్పు, మిల్లు నుంచి బియ్యం వచ్చేయని," అనేవాడు నాన్న. తలుపు వెనక నుంచి, "అమ్మీ, మీ నాన్నకి సెప్పు, మాకు ఉన్నాయని," అనేది పిన్ని. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినిపించేది. అయినా నేను ఆ మాటను అటు మోసి, ఇటు మోసి, మళ్లీ చెప్పేదాన్ని. నేను చెప్పకపోతే ఆ మాట చెల్లదు.

పిల్లల్ని ముందు భాగానికి పంపెయ్యమన్న మాట కూడా నేనే మోశాను. పిన్ని అప్పుడు చాటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "విన్నానని సెప్పు," అంది. ఒప్పుకుందని నాన్న అనుకున్నాడు. నెల తిరక్కుండా ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ బాబాయి బూడిదరంగు స్వెట్టరు చీర మీద తొడుక్కుని, బాబాయి కేన్వాసు బూట్లలో వేళ్ల దగ్గర గుడ్డలు కుక్కి వేసుకుని, పాపను చంకనెత్తుకుని, గోనెల కట్ట నెత్తిన పెట్టుకుని, సూరిని ముందు నడిపించుకుంటూ నడిబజారులోంచి వెళ్లి బస్సెక్కింది. మా ఇంటికి పెరటి దారి ఉంది. బస్సుల దగ్గరికి ఆ దారే దగ్గర. ఆవిడ కావాలనే బజారు దారిన వెళ్లింది. బాబాయి వెళ్లే సంతకే వెళ్లి, కొన్న సరుకు తెచ్చి మా కొట్టుకే వేసేది; సరుకు బాగుండడంతో నాన్న కాదనలేకపోయాడు.

కొల్నార దాటాక ఆ సంత. రోడ్డు పక్కన పాత మామిడితోపు. శనివారం తెల్లవారకముందే కొండల మీద నుంచి ఆడవాళ్లు అల్లం, పసుపు, చింతపండు బుట్టలతో దిగుతారు. పొద్దెక్కేసరికి మంచి సరుకు అయిపోతుంది. అందుకే వర్తకులంతా ముందు సాయంత్రమే చేరుకుంటారు. మగవాళ్లు లారీల మీద, అక్కడున్న నాలుగిళ్ల అరుగుల మీద పడుకుంటారు. కొందరైతే చీకట్లోనే దారికి అడ్డం వెళ్లి, దిగి వస్తున్నవాళ్ల నెత్తి మీద బుట్టలు లాక్కుని, తామిచ్చిందే ధర అంటారు. పిన్నికి అది గిట్టదు. ఆళ్లు దిగొచ్చి, కూసుని, నా మొహం సూసి ఇస్తే తీసుకుంటాను అనేది. అలా తీసుకోవాలంటే ఆవిడ కూడా రాత్రి అక్కడే ఉండాలి. మొగుడు పోయిన మనిషికి, చంటి పిల్లలతో, అరుగు ఇచ్చినవాళ్లు లేరు. లారీ మీద పడుకోలేదు. నేల మీద తేళ్లు. ఇంక మిగిలింది చెట్టు.

రెండు గోనె సంచుల్ని కుట్లు విప్పి, పరిచి, దబ్బనంతో పురికొసతో పక్కపక్కన కలిపి కుట్టేది. రెండు చివర్లూ కుచ్చెళ్లలా దగ్గరికి లాగి, కొబ్బరి తాడు బిగించి, రెండు మామిడి చెట్ల మధ్య తన మోకాలి ఎత్తులో కట్టేది. లోపల ఒక దుప్పటి కింద, ఒకటి పైన. పిల్ల పడుకున్నాక పైన తాడు అటూ ఇటూ అల్లేది, లారీ మీద సరుకు కదలకుండా అల్లుతారే, అచ్చం అలాగే. నిద్దట్లో దొర్లినా పడరు. ఆ అల్లిక చివర బాబాయి దగ్గర నేర్చుకున్న జారుముడి వేసి, దాని కొస తాడు సందులోంచి లోపలికి పంపి పిల్ల గుప్పిట్లో పెట్టేది. బయట నుంచి ఎంత లాగినా ఆ ముడి బిగుసుకుంటుంది. లోపల నుంచి ఒక్క లాగు లాగితే మొత్తం అల్లిక జారి విడిపోతుంది.

"పడుకున్నోడి సేతిలోనే కొస ఉండాల," అనేది. ఆవిడ చదివిన చదువంతా ఆ ఒక్క మాటలో ఉంది.

పడుకునే ముందు పరీక్ష ఉండేది. పిల్లలందర్నీ అల్లేసి, తోపు చివరికి వెళ్లి నిలబడి, "ఇప్పండి" అనేది. అందరం కొసలు లాగి, గోనెల్లోంచి బయటికి దూకి, ఆవిడ దగ్గరికి పరుగెత్తాలి. మూడుసార్లు. పాపకు అప్పటికి నాలుగేళ్లు కూడా లేవు, అదీ లాగేది. లాగలేకపోతే ఆ రాత్రి వాళ్లకు నిద్ర లేదు, ఆవిడ పక్కన కూర్చోవాలి. ఇంత కష్టపడి కట్టి మళ్లీ విప్పించడమేమిటని సూరి విసుక్కుంటే, నేను నిద్దరోతే ఏం సేస్తావు, నేను సచ్చిపోతే ఏం సేస్తావు అని మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగేది. కథలు చెప్పమంటే చెప్పేది కాదు. నాకు రావు, పడుకోండి అనేది.

మా వెనక వీధిలో ఒక నర్సమ్మ ఉండేది, భీమవరం వైపు క్రైస్తవులు. ఆవిడకు శుక్రవారాలు నైట్ డ్యూటీ. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చూసే దిక్కు లేదు. వాళ్లనూ పిన్ని తనతో తీసుకుపోయేది. బదులుగా నర్సమ్మ పిల్లలందరికీ వారం వారం మలేరియా మాత్ర మింగించేది. ఆ చేదు తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక ముడుచుకుంటుంది. ఊళ్లో పిన్ని తరఫున మాట్లాడిన మనిషి ఆ నర్సమ్మ ఒక్కతే. మిగతా బజారంతా ఒకటే మాట, పిల్లల్ని గబ్బిలాల్లాగ చెట్లకు వేలాడదీస్తోందని. ఎవరో పనిగట్టుకుని వచ్చి పిన్నితోనే ఆ మాట అన్నారు. గబ్బిలాలు తలకిందులుగా ఏలాడతాయి, నా పిల్లలు తిన్నగానే ఉన్నారు, వచ్చి సూసుకో అని తలుపేసింది.

నా సంగతి చెప్పాలి. నాకు పదేళ్లు. వెళ్లాలని ఎంత గింజుకున్నానో నాకే తెలుసు. నాన్న సరుకు పని మీద గుణుపురం వెళ్లిన ఒక వారం అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. పిన్ని గోనెల్లో పడుకోవడం నాకు చిన్నతనమనిపించి, పెద్ద కొట్టు వాళ్ల అమ్మాయినని చాటుకోడానికి, మా గొడౌన్లోంచి కొత్తవాటిలా కనిపించిన రెండు గోనెలు ఎత్తుకెళ్లాను. నిగనిగలాడుతున్నాయి. పిన్ని చీకట్లో హడావిడిగా కుట్టి కట్టేసింది. పడుకున్న కాసేపటికి మెడ మండింది. తర్వాత చేతులు, తర్వాత కళ్లు. అవి గుంటూరు మిరపకాయల గోనెలు. కొస లాగాలన్న సంగతి కూడా మరిచిపోయి కెవ్వుకెవ్వుమన్నాను. చుట్టుపక్కల లారీల మీద పడుకున్న వర్తకులంతా లేచి కూర్చున్నారు. పిన్ని కొబ్బరినూనె రాసి, తన స్వెట్టరు నాకు తొడిగి, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వీపు నిమురుతూనే కోప్పడింది. నువ్వే కాదు, తప్పు నాదీ, వాసన సూడకుండా కుట్టేను అంది.

ఆ రోజు నుంచి ఆవిడకు అదొక అలవాటుగా పాతుకుపోయింది. ఏ గోనె అయినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చేది. చింతపండు గోనె వద్దు, చీమలు. బెల్లం గోనె వద్దు, అదే. ఇప్పపువ్వు గోనె చస్తే వద్దు, ఎలుగుబంటి వెతుక్కుంటూ వస్తుంది. పసుపు గోనె పర్వాలేదు. అన్నిటికన్నా మంచిది వలిసెల గోనె. ఆ గింజల నూనె పట్టి అది మెత్తబడుతుంది, దోమలు కూడా దరి చేరవని ఆవిడ నమ్మకం. చివరికి మనుషుల్ని కూడా అలాగే చూసేది. ఎవరైనా అతి మర్యాదగా మాట్లాడితే, వాళ్లు వెళ్లాక ముక్కు ఎగబీల్చి మా వైపు చూసేది. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

అలా ఒక ఏడాది గడిచింది. మాఘమాసంలో, కొట్లో నలుగురు కూర్చుని ఉండగా, బజారు పెద్దమనిషి ఒకాయన నాన్నతో, మీ ఇంటి పిల్లలు సంతలో చెట్లకు వేలాడుతున్నారటగా, మీకు ఆమాత్రం నాలుగు మంచాలు లేవా అన్నాడట. నాన్న ఆ మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. పెరట్లోకి వచ్చి నిలబడి నన్ను పిలిచాడు. అమ్మీ, మీ పిన్నికి చెప్పు. ఈ శనివారంతో ఆఖరు. ఆదివారం నుంచి పిల్లలు ముందు భాగంలో పడుకుంటారు, మీ అమ్మ చూసుకుంటుంది. కాదంటే ఆవిడ తెచ్చే సరుకు ఈ కొట్టు తీసుకోదు. నాకు మాటలు తడబడ్డాయి. అయినా మొత్తం చెప్పాను. పిన్ని దబ్బనంతో గోనె కుడుతోంది. "విన్నానని సెప్పు," అంది.

ఈసారి ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. నాన్నకు మాత్రం తెలీదు.

ఆ శుక్రవారం బడి స్నేహితురాలి ఇంట్లో పడుకుంటానని అమ్మతో అబద్ధం చెప్పి నేనూ వెళ్లాను. ఆఖరుదైతే దాన్ని పోగొట్టుకోకూడదని. పిన్ని నన్ను బస్సులో చూసి, జరిగి చోటిచ్చింది. తోపులో ఐదు ఉయ్యాలలు కట్టింది. ఆ రాత్రి పరీక్ష మూడుసార్లు కాదు, ఆరుసార్లు పెట్టింది.

తెల్లవారుజామున జీపు దీపాలు మొహాన పడి మెలకువ వచ్చింది. నా అబద్ధం బయటపడి అమ్మ చెప్పేసినట్టుంది. నాన్న టార్చి పట్టుకుని దిగాడు, వెనకాల డ్రైవరు. అప్పటికి కొండ దారిలో నుంచి ఆడవాళ్లు దిగుతున్నారు. జీపును చూసి, బుట్టలు దించి, చెట్ల మధ్య నిలబడిపోయారు. లారీల మీద వర్తకులు లేచారు. పిన్ని త్రాసు కట్టుకుంటోంది. నాన్నను చూసి కొంగు నెత్తి మీదికి లాక్కుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. అంత తెగించిన మనిషి ఆ పద్ధతి మాత్రం తప్పలేదు. చాలా రోజుల తర్వాత నాకు అర్థమైంది, తప్పితే నాన్నకు అదొక్కటి పట్టుకుని అరిచే వీలు దొరికేదని.

నాన్న సూరి ఉయ్యాల దగ్గరికి వెళ్లి దిగమన్నాడు. వాడు కళ్లు తెరిచి చూశాడు, కొస రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు, కదల్లేదు. నాన్న నా ఉయ్యాల వైపు తిరిగాడు. "అమ్మీ, మీ పిన్నికి చెప్పు, తాళ్లు విప్పమని."

చెప్పాను. పిన్ని చెట్టు వైపు చూస్తూ, తోపంతా వినిపించేలా మాట్లాడింది.

"అమ్మీ, మీ నాన్నకి సెప్పు. ఈ ముళ్లు ఇప్పడం నా సేతిలో లేదు. కొసలు ఆళ్ల సేతుల్లో ఉన్నాయి. రావాలనుకుంటే ఆళ్లే దిగి వస్తారు, నేను అడ్డం రాను."

గోనెలో పడుకునే, మాట మాటా అప్పజెప్పాను. నాన్న పాప ఉయ్యాల మీద అల్లిక పట్టుకుని లాగాడు. అది బిగుసుకుంది. ఇంకో చోట పట్టుకుని లాగాడు. ఇంకా బిగుసుకుంది. పుట్టి బుద్ధెరిగి వేల బస్తాలు లారీలకెక్కించిన కొట్టు యజమాని, ఒక్కనాడూ తన చేత్తో తాడు కట్టిన పాపాన పోలేదు. పాప మేలుకుని, ఏడవకుండా, పెదనాన్న మొహంలోకి చూస్తోంది. నాన్న డ్రైవరు దగ్గర కత్తి అడిగి తీసుకున్నాడు. అప్పుడు భయమేసింది నాకు.

పిన్ని గొంతు మారలేదు. "అమ్మీ, మీ నాన్నకి సెప్పు. కోసేటప్పుడు కింద ఇంకెవర్నైనా సేతులు పెట్టమను. పిల్ల జారిపోద్ది."

నాన్న ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో కత్తి పట్టుకుని చుట్టూ చూశాడు. డ్రైవరు తల దించుకున్నాడు. వర్తకుల్లో ఒక్కడూ లారీ దిగలేదు. కొండ ఆడవాళ్లు కదల్లేదు. చేతులు పెట్టడానికి ఎవరూ రాలేదు. నాన్న కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఇంటికి పోదాం దిగు అన్నాడు. ఈసారి మధ్యలో ఎవరూ లేరు. పిన్ని నా తరఫున ఏమైనా చెబుతుందేమోనని చూశాను. ఆవిడ చెట్టు వైపే చూస్తోంది. కొస నా గుప్పిట్లో చెమటకు తడిసిపోయింది. ఒక్క లాగు లాగితే చాలు, దిగిపోవచ్చు. నాన్నంటే నాకు ప్రాణం. ఆ మాట కూడా చెప్పాలి.

"నేను దిగను నాన్నా," అన్నాను. "తెల్లారేక పిన్నితో బస్సులో వస్తాను."

నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. టార్చి ఆర్పేసి వెళ్లి జీపెక్కాడు. మెచ్చుకుంటుందేమోనని పిన్ని వైపు చూశాను. ఆవిడ ముక్కు చీది, "ఇప్పండి, సంత మొదలైంది," అంది. ఐదుగురం కొసలు లాగాం. పిన్ని అప్పటికే మొదటి బుట్ట ముందు కూర్చుని, ఒక అల్లం కొమ్ము విరిచి వాసన చూస్తోంది.

ఆ పనికి నేను బాగానే చెల్లించుకున్నాను. ఆ జూన్‌లో నన్ను పార్వతీపురం అమ్మమ్మ ఇంట్లో పెట్టారు, పదో తరగతి అయ్యేదాకా అక్కడే. సెలవులకు వస్తే నాన్న నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. మా కొట్టు పిన్ని సరుకు రెండేళ్లు తీసుకోలేదు. ఆవిడ గుణుపురం వర్తకుడికి వేసింది. మూడో ఏడు ఎవరూ ఏమీ అనకుండానే మళ్లీ మా కొట్టుకే వచ్చింది. పిల్లల్ని పంపమన్న మాట నాన్న నోటి వెంట ఇంకెప్పుడూ రాలేదు. సూరి, పాప పెరటి గదిలోనే, వాళ్ల అమ్మ దగ్గరే పెరిగారు. గోనెలు పొట్టి అయ్యేదాకా ఆ తోపులోనే పడుకున్నారు. నేను పార్వతీపురంలో ఇనప మంచం మీద, దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకుని పడుకునేదాన్ని. అమ్మమ్మ ఎందుకని అడిగేది. చలేస్తోందని చెప్పేదాన్ని.

ఆవిడ ముసలితనం దాకా రాలేదు. పోయిన వానాకాలంలో మలేరియా తలకెక్కి నాలుగు రోజుల్లో పోయింది. పరామర్శకు వచ్చిన ప్రతి నోరూ, చెట్ల మీద పడుకుంటే ఊరికే పోతుందా అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సంతలు సూరికి అప్పజెప్పి ఆవిడ మానేసి అప్పటికి రెండేళ్లు. చెట్ల కింద పడుకున్న అన్నేళ్లలో ఒక్క జ్వరం రాలేదు. దోమ కుట్టింది పక్కా గదిలో, సీలింగ్ ఫ్యాను కింద, నాలుగు కోళ్ల మంచం మీద. వచ్చినవాళ్లకు ఈ మాట మొహం మీదే చెప్పాను. అమ్మ నన్ను లోపలికి లాక్కుపోయింది.

వాకిట్లో మగవాళ్లు వెదుళ్లతో పాడె కట్టి, పిన్నిని పడుకోబెట్టి, కొత్త గుడ్డ కప్పి, పైన తాడు అటూ ఇటూ అల్లారు. చివరి ముడి కాళ్ల దగ్గర, వెదురు కింద, గట్టి ముడి వేశారు. నేను గుమ్మంలో ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. ఆ ముడి చూశాక నిలబడలేకపోయాను. వెళ్లి పాడె పక్కన కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. ఆడపిల్లవి, ముట్టుకోకూడదు, లెగు అని ఎవరో భుజం పట్టుకున్నారు. విదిలించుకున్నాను. నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డ సూరి వెనక్కి తిరిగి, అక్కని కట్టనీండి అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి అల్లాను. చివర జారుముడి వేసి, కొస తాడు సందులోంచి లోపలికి పంపి, ఆవిడ కుడిచేతిలో పెట్టాను. వేళ్లు మడతపడలేదు. నా చేత్తో మడిచి, కాసేపు అలాగే పట్టుకున్నాను. వాసన చూడకుండా కట్టేనని కోప్పడుతుందేమోననిపించింది. వలిసెల గోనె తెచ్చి ఉండాల్సింది.

శవం చేతిలో తాడు కొస ఉంచడం అరిష్టం, లాగెయ్యండి అన్నాడు బజారు పెద్దమనిషి ఒకాయన. ఇద్దరు ముందుకు వచ్చారు. వాళ్లకంటే ముందు నాన్న వచ్చాడు. ఆవిడ ఈ ఇంటికి కోడలై వచ్చిననాటి నుంచి ఒక్కసారి కూడా ఆవిడ మొహం చూడని మనిషి, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, పాడె తల దగ్గర నిలబడ్డాడు. ముడి వైపు చూశాడు, ఆ గుప్పిట వైపు చూశాడు.

"కొస తియ్యకండి, ఒగ్గేయండి," అన్నాడు వాళ్లతో.

తర్వాత వంగి, పిన్ని మొహంలోకి చూశాడు. "అమ్మా, గట్టిగా పట్టుకో," అన్నాడు.

నేను పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాను. ఆ ఒక్క మాట నా చేత చెప్పించలేదు.